లెక్క మధ్యలో సలాము

ఇంత మర్యాద దేనికి? పొద్దున ఏడింటి నుంచి చూస్తున్నాను, వార్డు నుంచి థియేటర్ దాకా నా స్ట్రెచర్‌ని నలుగురు ఆడపిల్లలు తోసుకొచ్చారు, దానికి ఇద్దరు చాలు, ముప్ఫయ్యారేళ్ళు ఇదే ఆసుపత్రిలో రోగుల్ని తోయించినదాన్ని, ఆ మాత్రం నాకు తెలీదూ. నలుగురివీ నవ్వు మొహాలే. ఒకతె దుప్పటి సర్దింది, ఇంకొకతె నా పళ్ళ సెట్టు రుమాల్లో చుట్టి "భద్రంగా పెడతాను రయ్యిసా" అంది, ఏ జేబులో వేసిందో చూద్దామంటే మెడ అటు తిరగలేదు. అతివినయం ధూర్తలక్షణం అని పెద్దలు ఊరికే అన్నారా? నేను ఈ థియేటర్‌కి రయ్యిసాగా, నర్సులందరి మీదా పెద్దగా ఉన్నన్నాళ్ళూ నా చెప్పుల చప్పుడు వినిపిస్తే కబుర్లు ఆపి గోడకి అతుక్కుపోయినవాళ్ళే వీళ్ళంతా. నేను రిటైరై ఐదేళ్ళయింది. ఐదేళ్ళలో భయం కాస్తా ప్రేమ అయిపోయిందంటే నమ్మడానికి నేనేం నిన్న పుట్టానా.

ఇప్పుడు నన్ను ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టారు. ముక్కుకి జానెడు దూరంలో ఆకుపచ్చ తెర. వెన్నులో మత్తు సూది పొడిచాక నడుము కింద నాకు నేను లేను, ఎవరి కాలో కోస్తున్నట్టు చప్పుళ్ళు మాత్రం వస్తున్నాయి, రంపం చప్పుడు, సుత్తి చప్పుడు, పళ్ళెంలో ఇనుము పడ్డ చప్పుడు. మొన్న చీపురు తుఫాను రోజున, పేరుకు తగ్గట్టే ఈసారి అలెగ్జాండ్రియా అంతా ఊడ్చిపెట్టింది అది, చేపల సంచీతో మెట్లెక్కుతూ జారాను, తుంటి ఎముక విరిగింది, చేపలు కింద అంతస్తు పిల్లి తినేసింది. ఆ పిల్లి కూడా ముందే కాచుక్కూర్చుందేమో అని నా అనుమానం. మత్తు డాక్టరమ్మ, చిన్న పిల్ల, నా చెవి దగ్గర వంగి "కొంచెం నిద్రమందు ఇస్తాను రయ్యిసా, హాయిగా పడుకోండి" అంది. "నీ హాయి నీ దగ్గరే ఉంచుకో" అన్నాను. నిద్రపోయినవాళ్ళ ముందు ఈ గదిలో ఏమేం మాట్లాడుకుంటారో నాకన్నా ఎవరికి తెలుసు. అత్తగారి గురించి, ఫుట్‌బాల్ గురించి, ఒక్కోసారి జరిగిపోయిన తప్పు గురించి. నాకు నా చెవులు కావాలి. నన్ను మూసే ముందు లోపల పెట్టిన గాజుగుడ్డలన్నీ బయటికి రావాలి, ఇరవై పెట్టారు, ఇరవై వచ్చాయన్న మాట నేను నా చెవులతో వినాలి. అంతకు మించి ఈ ఆసుపత్రి నుంచి నాకేమీ అక్కర్లేదు.

తెరకి అవతల కత్తులూ సూదులూ అందిస్తున్నది రబాబ్. ఇవాళ దానికి సెలవు. నిన్న డ్యూటీ చార్టు తెప్పించుకుని చూశాను కాబట్టి నాకు తెలుసు. సెలవు మానుకుని నా కేసు కావాలని అడిగి వేయించుకుందట, ఎందుకు? ఈ పిల్ల నన్ను ప్రేమించడానికి నేనేం చేశాను? మొదటి ఏడాది దానిచేత కోత బల్ల దగ్గర ఒక్క పనీ చేయించలేదు, మూల నిలబెట్టి గుడ్డలు లెక్కపెట్టించాను, పెట్టిన లెక్కే మళ్ళీ, మళ్ళీ. చేతులు బాగుండేవి దానివి, తొందర లేని చేతులు, అది నాకు మొదటి రోజే నచ్చింది, నచ్చినట్టు దానికి ఎప్పుడూ తెలియనివ్వలేదు. దాని అక్క గోరింట వేడుక నాడు ఒక సూది లెక్కకి రాలేదు. మూడు గంటలు మోకాళ్ళ మీద నేలంతా వెతికించాను. సూది దొరికేసరికి అక్కడ పాటలు అయిపోయాయి, పళ్ళేలు ఎత్తేశారు. ఏడ్చి ఏడ్చి, "మీకు పిల్లల్లేరు, అందుకే ఇలా ఉన్నారు" అంది నా మొహం మీదే. నేను విననట్టు చేతులు కడుక్కున్నాను. ఆ మాట అన్న పిల్ల పదేళ్ళ తరవాత సెలవు రోజున నా తుంటి కోసం వచ్చిందంటే ఏదో లెక్క తేల్చుకోవడానికే వచ్చి ఉంటుంది.

ఒక్క రబాబేనా, అందరూ అంతే. రిటైరైన రోజు పెద్ద సభ పెట్టి చెక్క మీద ఇత్తడి బిళ్ళ కొట్టిన జ్ఞాపిక ఇచ్చారు, ఒక్కొక్కతె లేచి "మా అమ్మలాంటిది" అని మొదలెట్టింది, ఈ అమ్మ చేత తిట్లు తిన్న రాత్రులు ఒక్కతెకీ గుర్తు రాలేదు. కువైట్ వెళ్ళిన పిల్ల ఏటా ఖర్జూరం పంపుతుంది, ఏదో సిఫార్సు ఉత్తరం అడుగుతుందని ఐదేళ్ళుగా చూస్తున్నాను, ఇంకా అడగలేదు, అంటే పెద్దదే అడుగుతుందన్న మాట. ట్రామెక్కితే ఎవరో ఒక ఆడమనిషి లేచి "కూర్చోండి రయ్యిసా, నేను మీ దగ్గర నేర్చుకున్నాను" అంటుంది, కూర్చున్నాక నా సంచీ గట్టిగా ఒళ్ళో పట్టుకుంటాను. మొన్న నేను పడ్డానని తెలిసి రక్తం ఇవ్వడానికి ఆరుగురు వరసలో నిలబడ్డారట. వాళ్ళలో ఇద్దరి రక్తం నాకు సరిపడదు, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, అయినా నిలబడ్డారు. ఎవరు చూడాలని? మనిషి చేసిన ఉద్యోగానికి ఇంత తిరిగి వస్తుందా? ఎవరికైనా వస్తుందేమో గానీ నాకు రాకూడదు. ఎందుకు రాకూడదో నాకు తెలుసు, ఇప్పుడు నా ఎముక మీద సుత్తి వేస్తున్న మనిషికి తెలుసు.

డాక్టర్ వగ్దీ. ఇప్పుడు విభాగానికి పెద్ద, తల నెరిసింది, గొంతు మాత్రం అప్పటిదే. నా ఎముక ఎవరు చేస్తారని అడిగితే "వగ్దీ సారే చేస్తానన్నారు" అన్నారు. చేస్తానన్నారా? తానంతట తానే? నేను రిటైరయ్యేదాకా ఏళ్ళ తరబడి ఈ మనిషి రోజూ నాతో "శుభోదయం రయ్యిసా" అంటూనే ఉన్నాడు, ప్రతి ఉదయం ఆ మాటలో ఇంకో మాట ఉందేమోనని నేను వెతుకుతూనే ఉన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అతను దగ్గితే ఉలిక్కిపడేదాన్ని. అతను చేయమన్న పని ఎప్పుడూ కాదనలేదు, అతనూ నన్ను ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. ఆ మౌనం నన్ను కాల్చినంతగా ఏ తిట్టూ కాల్చలేదు. ఇవాళ నేను మాట్లాడే స్థితిలో లేను, బల్ల మీద పక్కకి తిరిగి పడి ఉన్నాను, కత్తి అతని చేతిలో ఉంది.

మా నాన్న ధాన్యం కొలిచేవాడు, మీనా బసల్ గిడ్డంగుల్లో, కాలవ ఒడ్డున. చిన్నప్పుడు అన్నం గిన్నె పట్టుకుని వెళ్ళేదాన్ని, గోధుమ దుమ్ములో నాన్న కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. మొదటి కుంచం ఎత్తి "దేవుడొక్కడే" అనేవాడు, రెండోది ఎత్తి "ఆయనకి సాటి లేడు" అనేవాడు, ఆ తరవాత మూడు, మూడు, మూడు అని నాలుగో కుంచం నిండేదాకా అదే అంకె పాడేవాడు, నాలుగు, నాలుగు, నాలుగు. పాడుతుంటే అంకె నోట్లోంచి జారిపోదు. ఆ మధ్యలో ఎవరొచ్చి సలాము చెప్పినా జవాబిచ్చేవాడు కాదు, సలాముకి జవాబివ్వకపోతే మా వాళ్ళలో ఎంత తప్పో, శత్రువు చెప్పినా తిరిగి చెప్పాలి. "వీడికి కళ్ళు నెత్తికెక్కాయి" అని వర్తకులు తిట్టేవాళ్ళు. నాన్న కొలత ముగించి, గింజల మీద చెయ్యి ఆనించి, అప్పుడు అందరికీ కలిపి ఒకేసారి జవాబు చెప్పేవాడు. "లెక్కలో ఉన్నవాడు పరుల సొమ్ముకి కాపలా ఉన్నట్టే బిడ్డా, వాడి నోరు వాడిది కాదు" అన్నాడు నాతో. ఇదంతా నాకు ఏడేళ్ళకే తెలుసు. తెలిసి చేశాను.

ఆ రోజు కడుపు ఆపరేషను. దమన్‌హూర్ వైపు పల్లెటూరి మనిషి, వగీదా, నాకన్నా రెండేళ్ళు చిన్నది. పేగు దగ్గర ఏదో గడ్డ తీశారు. మూసే ముందు నేను గుడ్డలు లెక్కపెడుతున్నాను, నాన్న పద్ధతిలోనే, పద్నాలుగు, పద్నాలుగు, పద్నాలుగు. తలుపు తోసుకుని ప్రొఫెసర్ అనీస్ వచ్చాడు, విదేశం నుంచి అప్పుడే దిగాడు, ఆయన గదిలోకి వస్తే గాలి కూడా లేచి నిలబడేది. "అస్సలాము అలైకుం" అన్నాడు, నా వైపు చూసే అన్నాడు, "ఇన్సాఫ్, ఎలా ఉన్నావు?" అని పేరు పెట్టి అడిగాడు. అంత పెద్ద మనిషికి నా పేరు గుర్తుందని ఒళ్ళు పులకరించింది, దాచడమెందుకు. "వ అలైకుముస్సలాం ప్రొఫెసర్ గారూ, అల్హందులిల్లా, మీ ప్రయాణం ఎలా జరిగింది" అన్నాను. తిరిగి చూసుకునేసరికి చేతిలో గుడ్డ పద్నాలుగోదో పదిహేనోదో తెలీలేదు. మొదట్నుంచీ పెట్టాలి. ఆయన చేతికి తొడుగులేసుకుంటూ "అయిందా, సరిపోయాయా?" అన్నాడు. లెక్క తప్పాను అని చెప్పడానికి నోరు రాలేదు, నన్ను పేరు పెట్టి పిలిచాడు కదా. "సరిపోయాయి" అన్నాను. కోత అంచులు కొక్కేలతో పట్టుకుని నిలబడ్డ కుర్ర డాక్టరు తలెత్తి నా కళ్ళలోకి చూశాడు. అతనే వగ్దీ.

నాలుగు నెలలకి వగీదా మళ్ళీ వచ్చింది, బుగ్గలు పీక్కుపోయి, కడుపు ఉబ్బి. తెరిచారు. గుడ్డ తీశారు. కాగితాల్లో వేరే ఏదో రాశారు, ఆవిడకి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. జానెడు పేగు పోయింది, పొలం పనికి మళ్ళీ వంగలేకపోయింది, అయినా మనిషి బతికింది. బతికి ఏం చేసిందో తెలుసా? ఆ ఏడాది పండక్కి ఒక బాతుని బుట్టలో పెట్టుకుని బస్సెక్కి నా కోసం వచ్చింది. "నువ్వు రాత్రుళ్ళు నా పక్కన కూర్చున్నావమ్మా, నీ రుణం తీర్చుకోలేను" అని నా చేతులు ముద్దు పెట్టుకుంది. ఆ బాతుని నేను తినలేకపోయాను, అమ్మలేకపోయాను, థియేటర్ ఊడ్చే ఉమ్ ఫారూక్‌కి ఇచ్చేశాను. ఆ తరవాత నుంచే నేను రాక్షసినయ్యాను. పిల్లల్ని నిలబెట్టి నేర్పాను, గుడ్డ మీద చెయ్యి పెట్టాక రాజు సలాము చెప్పినా జవాబివ్వకూడదు, ఇంటి నుంచి చావు కబురు వచ్చినా తలెత్తకూడదు. నేనే లెక్క మధ్యలో తియ్యగా పలకరించేదాన్ని, జవాబిచ్చిన పిల్లని గది బయటికి గెంటేదాన్ని. నేర్చుకున్నారు, నిజమే, ఒక్కొక్కతె గట్టిగానే నేర్చుకుంది. కానీ అదంతా నేను వాళ్ళ కోసం చేశానా, నా కోసం చేశానా? వాళ్ళకి నిజం తెలిస్తే ఆ ఇత్తడి బిళ్ళ పీకి నా నెత్తిన కొడతారు.

సుత్తి ఆగింది. నీళ్ళు పోస్తున్న చప్పుడు, పీలుస్తున్న చప్పుడు. కొత్త ఎముక కూర్చున్నట్టుంది. ఇక మూస్తారు. నా గుండె కొట్టుకోవడం యంత్రంలో నాకే వినిపిస్తోంది, మత్తు డాక్టరమ్మ "ఏం కాలేదు రయ్యిసా" అంది, ఏం కాలేదని ఎవరడిగారు? రబాబ్ గొంతు వచ్చింది, మెల్లగా. "దేవుడొక్కడే. ఆయనకి సాటి లేడు. మూడు, మూడు." బల్లకి ఎడంగా తిరుగుతూ సామాన్లు అందించే హనియ్యా అనే పిల్ల దాని వెనకే అంకె తిప్పి చెబుతోంది. మా నాన్న పాట. ఈ గదిలో ఇంకా ఉంది అది. వద్దన్నా కళ్ళు తడిశాయి, పక్కకి తిరిగి ఉన్నాను కాబట్టి నీళ్ళు ముక్కు మీదుగా కారాయి. నేనూ లోపల లెక్కపెట్టాను, పదకొండు, పన్నెండు.

"రబాబ్, కుట్టు సూది ఇవ్వు" అన్నాడు వగ్దీ. పదిహేడు, పదిహేడు. "నీకే చెబుతున్నా!" పద్దెనిమిది. "చెవులు పనిచెయ్యట్లేదా పిల్లా?" పంతొమ్మిది, పంతొమ్మిది, పంతొమ్మిది. ఆ తరవాత అంకె రాలేదు.

"ఒక గుడ్డ తక్కువ డాక్టర్" అంది రబాబ్.

"బకెట్లో చూడండి."

"చూశాం."

"కింద?"

"చూశామండీ, దుప్పటి మడతల్లో కూడా" అంది హనియ్యా, ఏడుపు గొంతుతో.

"అయితే కట్టలోనే పంతొమ్మిది వచ్చుంటాయి. లోపల నేను చూశాను, ఏమీ లేదు. పెద్దావిడ, బీపీ పడిపోతోంది, ఎంతసేపు తెరిచి పెట్టమంటావు? సూది ఇవ్వు తల్లీ."

"మొదట్లో ఇద్దరం ఇరవై లెక్కపెట్టాం. సూది ఇవ్వను."

అప్పుడు వగ్దీ తెర మీదుగా వంగాడు, మాస్కు పైన ఆ కళ్ళు, ఆ రోజు నన్ను చూసిన కళ్ళే. "రయ్యిసా, మెలకువగానే ఉన్నారుగా? మీ పిల్లకి మీరే చెప్పండి. లెక్క ఒక్కోసారి అటూ ఇటూ అవుతుందని మీకు తెలుసు, నాకు తెలుసు." వచ్చింది. ఇన్నేళ్ళూ నేను ఎదురుచూసిన మాట ఇదే, ఎంత మెత్తగా అన్నాడో చూడు. అలసిపోయి అన్నాడా, బెదిరించి అన్నాడా, ఎవడికి తెలుసు. మూసెయ్యమంటే నా గుట్టు నాతో పోతుంది. గుడ్డ లోపలుంటే ఉండనీ, వగీదా మోసింది, నేనూ మోస్తాను, న్యాయమే కదా అని కూడా అనిపించింది, ఒట్టు. కానీ రబాబ్? ఇవాళ అది నా మాట మీద సూది ఇస్తే, రేపటి నుంచి ప్రతి ఉదయం ఎవడి శుభోదయంలోనో ఇంకో మాట వెతుక్కుంటూ బతుకుతుంది. అన్నేళ్ళు నిలబెట్టి నేర్పింది దాన్ని నాలా చెయ్యడానికా.

"డాక్టర్ చెప్పింది నిజం" అన్నాను. పళ్ళ సెట్టు లేక మాట తడబడింది, మళ్ళీ గట్టిగా అన్నాను. "ఒకసారి లెక్క తప్పింది. తప్పింది నేను. ప్రొఫెసర్ గారి సలాముకి జవాబిచ్చి, లెక్క పోగొట్టుకుని, సరిపోయాయని అబద్ధం చెప్పాను. ఒక ఆడమనిషి ఆ గుడ్డని నాలుగు నెలలు కడుపులో మోసింది. రబాబ్, వాడికి సూది ఇచ్చావంటే నీ కాళ్ళు విరగ్గొడతాను." విభాగం పెద్దని "వాడు" అన్నానని నోరు జారాక తెలిసింది.

అయిపోయింది, ఇక మొహాలు తిప్పుకుంటారు అనుకున్నాను. "మాకు తెలుసు రయ్యిసా" అంది రబాబ్.

"ఏం తెలుసే?"

"వగీదా సంగతి. మీరు లెక్క నేర్పేవారు, అంత గట్టిగా ఎందుకు నేర్పుతారో హాస్టల్లో పెద్దక్కలు చెప్పేవారు, చేరిన మొదటి వారమే."

"ఎవడు చెప్పాడు?" నా తల తెర వైపు లేచింది. "ఈయనేనా?"

"నేనా!" వగ్దీ గొంతు పిల్లాడి గొంతయింది. "మా అమ్మ మీద ఒట్టు రయ్యిసా, మా ఆవిడకి కూడా చెప్పలేదు."

"ఉమ్ ఫారూక్ చెప్పింది" అంది హనియ్యా.

ఉమ్ ఫారూక్! రోజూ పొద్దున్నే ఒకే పళ్ళెంలో చిక్కుడుగింజలు పంచుకు తిన్న మనిషి, నా బాతుని తిన్న మనిషి! రెండుసార్లూ ఆ గదిలో బకెట్లెత్తింది ఆవిడే! లోకంలో అందర్నీ అనుమానించి ఆవిడ ఒక్కదాన్నే వదిలేశాను. "అయితే ఇన్నాళ్ళూ నా వెనక నవ్వుకున్నారన్న మాట" అన్నాను.

"నవ్వా? హడిలి చచ్చేవాళ్ళం" అంది రబాబ్. "రయ్యిసా ఇన్సాఫ్ అంతటి మనిషికే తప్పితే మనమెంత అని. డాక్టర్, ఎముక వెనక వైపు ఒకసారి చెయ్యి పెట్టి చూడండి."

ఎవరో దీపం కిందకి వంచారు. నా తుంటి లోపల ఒక మనిషి వేళ్ళు వెతుకుతున్నాయి, నాకు ఏమీ తెలియడం లేదు, మత్తు డాక్టరమ్మ చెయ్యి నా నుదుటి మీద ఉంది, దాన్ని తోసెయ్యాలని ఎందుకో అనిపించలేదు. ఎంతసేపు గడిచిందో. తరవాత పళ్ళెంలో తడి గుడ్డ పడ్డ చప్పుడు, అది నేను ఏ గదిలో ఉన్నా పోల్చగలను. "రక్తంలో నాని, లోపలికి మడత పడిపోయింది" అన్నాడు వగ్దీ, ఎవరితోనో కాదు, తనతోనే. ఆ తరవాత "ఇరవై. ఇప్పుడైనా సూది ఇస్తావా తల్లీ?" అన్నాడు.

"మొదట్నుంచీ లెక్కపెట్టాక ఇస్తాను."

"పెట్టు" అన్నాడు.

దేవుడొక్కడే, ఆయనకి సాటి లేడు. నాకు రబాబ్‌ని పట్టుకుని ఏడవాలనిపించింది, ఆ గోరింట సంగతి, ఆ మూడు గంటలు, నేను ఒక్కసారైనా చెప్పకుండా దాచుకున్న మెచ్చుకోళ్ళు, అన్నీ ఒక్కసారే గొంతులోకి వచ్చాయి. వగీదా గుర్తొచ్చింది, ఆవిడకి చెప్పాల్సిన మాట ఈ గదిలో చెప్పి ఏం లాభం, దమన్‌హూర్ వెళ్ళాలి, ఉంటే ఆవిడకి, లేకపోతే ఆవిడ పిల్లలకి, నడవగలిగిన మొదటి రోజే వెళ్ళాలి. నాలుగు, నాలుగు. ఆగలేకపోయాను.

"రబాబ్" అన్నాను, "నీ కడుపు చల్లగుండ తల్లీ, నీ చేతులు మొదటి రోజే చూశానే నేను."

"ఐదు, ఐదు, ఐదు" అంది రబాబ్.

మళ్ళీ పిలిచాను. "ఆరు" అంది, తల కూడా ఎత్తి ఉండదు. నేను నోరు మూసుకుని ఏడు కోసం చెవి పెట్టాను.